దాచిపెట్టిన కాపీ ఎవరిది?

ల్యాప్‌టాప్ మొరాయించి రిపేరు షాపుకు వెళ్లిన వారెవరికైనా కౌంటరు అవతలి నుంచి ఎదురయ్యే ప్రశ్న ఒకటే. “డేటా ఏమైనా కావాలా సార్? లేకపోతే ఫార్మాట్ కొట్టేద్దాం.” సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, మండల కేంద్రంలో జెరాక్స్ మెషీన్ పక్కన స్క్రూడ్రైవర్ పెట్టుకుని కూర్చున్న కుర్రాడి దగ్గరైనా మాట ఇలాగే మొదలవుతుంది. పెళ్లి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ఆధార్ స్కాన్ కాపీలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతాయి. తక్కినదంతా తుడిచిపెట్టుకుపోతుంది. సాయంత్రానికల్లా యంత్రం కొత్తదానిలా తెరుచుకుంటుంది. తుడిచిన దాంట్లో, కస్టమరు డబ్బిచ్చి కొన్న విండోస్ కాపీ కూడా ఉండి ఉండవచ్చన్న సంగతి షాపతను చెప్పడు. ఆ సంగతి తెలియదు కాబట్టి కస్టమరూ అడగడు.

ఆ కాపీ ఉండే చోటు పేరు రికవరీ పార్టిషన్. సీ డ్రైవ్, డీ డ్రైవ్ అని మనకు కనబడే గదులు కాక, హార్డ్ డిస్కులో కంపెనీ ముందే విడగొట్టి పెట్టిన మరో గది. దానికి అక్షరం ఉండదు కాబట్టి ‘దిస్ పీసీ’ తెరిస్తే కనిపించదు. పాత పద్ధతి డిస్కుల్లో ఈ దాపరికం మరీ చిన్న చిట్కా: పార్టిషన్ల పట్టికలో మామూలుగా 07 అని ఉండాల్సిన చోట 27 అని రాస్తారు, విండోస్ దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తుంది. తాళం లేదు, పాస్‌వర్డ్ లేదు. ఆ గదిలో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవడానికి కావలసిన ఫైళ్లు, ఆ మోడల్‌కు సరిపోయే డ్రైవర్లు, వాటితోపాటు ఎవరూ అడగని ట్రయల్ యాంటీవైరస్‌లు ఉండేవి.

ఇదంతా ఎందుకు దాచాల్సి వచ్చింది? విండోస్ 98 రోజుల్లో కంప్యూటర్ కొంటే పెట్టెలో సీడీ వచ్చేది. 2000 నుంచి మైక్రోసాఫ్ట్ పెద్ద కంపెనీల చేత ఆ అలవాటు మాన్పించింది. పూర్తి విండోస్ సీడీ ఇస్తే నాలుగిళ్లు తిరుగుతుందని దాని భయం. బదులుగా ఆ యంత్రానికే పనికొచ్చే రికవరీ సీడీ ఇవ్వవచ్చు, లేదంటే కాపీని హార్డ్ డిస్కులోనే పెట్టవచ్చు అంది. డిస్కులో పెడితే సీడీ ఖర్చు, దాని కవరు ఖర్చు, పోగొట్టుకున్న వారి ఫోన్ కాల్స్ ఖర్చు అన్నీ మిగులుతాయి. కంపెనీలు రెండోదాన్నే పట్టుకున్నాయి. ఐబీఎం థింక్‌ప్యాడ్‌లో దానికి కీబోర్డు మీద నీలం బటనే ఉండేది. హెచ్‌పీలో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్‌తో ఎఫ్10, ఆసుస్‌లో ఎఫ్9, తోషిబాలో సున్నా. ఒక్కో కంపెనీది ఒక్కో మీట. యంత్రం ఆన్ చేసిన తొలి రెండు మూడు సెకన్లలోనే దాన్ని నొక్కాలి. ఈ సమాచారం ఉన్న చిన్న పుస్తకం కొన్న వారానికే అట్టపెట్టెతో సహా పాత సామాన్లవాడికి చేరేది.

బీరువా రెండో తాళంచెవిని అదే బీరువాలో పెట్టి తాళం వేసిన చందమిది. డిస్కు బాగున్నంత కాలం రికవరీ పార్టిషన్ అక్కర పెద్దగా పడదు. డిస్కు చచ్చిపోయిన రోజున దానితోపాటే అదీ పోతుంది. నెమ్మదించిన పాత ల్యాప్‌టాప్‌కు ఎస్ఎస్‌డీ వేయించడం గత కొన్నేళ్లుగా ఇంటింటా జరిగిన పని. కొత్త ఎస్ఎస్‌డీ ఖాళీగా వస్తుంది. అసలు విండోస్ ఫైళ్లున్న పాత హార్డ్ డిస్కు ఏ డ్రాయరులోనో పడి ఉంటుంది, కాదంటే షాపులోనే వదిలేసి వస్తారు.

అప్పుడు షాపతను ఏం చేస్తాడు? తన దగ్గరున్న పెన్‌డ్రైవ్‌తో విండోస్ ప్రో ఎక్కించి, క్రాక్ వేసి ఇస్తాడు. ఇక్కడే అసలు తమాషా. మన దేశంలో అమ్ముడైన ఇళ్లవాడకం ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ‘హోమ్ సింగిల్ లాంగ్వేజ్’ అనే లైసెన్సు ఉంటుంది. విండోస్ 8 నాటి నుంచి ఆ లైసెన్సు కీని కంపెనీలు మదర్‌బోర్డు చిప్పులోనే రాసిపెడుతున్నాయి. డిస్కు మార్చినా అది ఎక్కడికీ పోదు. సరైన హోమ్ కాపీ ఎక్కిస్తే విండోస్ ఆ కీని తనంతట తానే చదువుకుని యాక్టివేట్ అవుతుంది, రూపాయి ఖర్చు లేదు. కానీ ప్రోకు ఆ కీ పనికిరాదు కనుక క్రాక్ కావలసి వస్తుంది. అంటే, న్యాయంగా లైసెన్సు కొన్న మనిషి తన యంత్రంలో తన లైసెన్సు ఉండగానే దొంగ కాపీ వాడకందారు అవుతున్నాడు.

క్రాక్‌తో పోయేది పరువొక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. కేఎంఎస్‌పికో అనే పేరుమోసిన క్రాక్ ముసుగులో క్రిప్ట్‌బాట్ అనే దొంగ ప్రోగ్రామ్ తిరుగుతోందని, అది బ్రౌజర్లలో దాచుకున్న పాస్‌వర్డులను, క్రిప్టో ఖాతాల వివరాలను లాగేస్తోందని 2021 డిసెంబరులో రెడ్ కానరీ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. చట్టం సంగతి సరేసరి. 1957 కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం వాడలేదని తేలితే న్యాయస్థానం జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టవచ్చు.

అదే చట్టంలో ఇంకో నిబంధన ఉంది. దాని ఊసు ఎవరూ ఎత్తరు. 52వ సెక్షన్ ఒకటో ఉపవిభాగంలోని ‘ఏఏ’ క్లాజు ప్రకారం, ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను చట్టబద్ధంగా దగ్గర ఉంచుకున్న మనిషి, అది పోతే, పాడైతే పనికొచ్చేలా దాన్ని బ్యాకప్ కాపీ తీసుకోవచ్చు. ఏ పనికోసం ఆ ప్రోగ్రామ్ ఇచ్చారో ఆ పనికే వాడాలన్నది షరతు. ల్యాప్‌టాప్ కొన్న మనిషి ఆ దాపుడు గదిలోని ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి తీసి భద్రం చేసుకుంటే అందులో దొంగతనం ఏమీ లేదని ఇంతకంటే సూటిగా చెప్పనక్కర్లేదు. కొన్న వస్తువు కాపీని కొన్నవాడి చేతికి అందకుండా పెట్టే ఆనవాయితీయే విచిత్రం.

ఈ విచిత్రం ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే అమెరికాలో ఎరిక్ లండ్‌గ్రెన్ కథ చూడాలి. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఎలక్ట్రానిక్ చెత్తను తిరిగి వాడుకలోకి తెచ్చే వ్యాపారం ఆయనది. ఇతరులు పారేసిన బ్యాటరీలతో కారు కట్టి, ఒక్క చార్జింగ్‌లో టెస్లా కంటే ఎక్కువ దూరం నడిపి వార్తల్లోకెక్కిన మనిషి. పాత కంప్యూటర్లు చెత్తకుప్పకు చేరడానికి ఆయనకు కనిపించిన కారణాల్లో ఒకటి, రికవరీ డిస్కు లేకపోవడం. లైసెన్సు స్టిక్కరు యంత్రం మీదే అతికి ఉంటుంది, ఎక్కించడానికి ఫైళ్లుండవు. డెల్ తన కస్టమర్లకు ఉచితంగా ఇచ్చే రికవరీ డిస్కునే ఆయన చైనాలో 28 వేల కాపీలు చేయించాడు, పాత యంత్రాలను బాగుచేసి అమ్మేవారికి ఒక్కోటి పావు డాలరుకు అందేలా. లైసెన్సు కీ లేకుండా ఆ డిస్కు దేనికీ కొరగాదు.

అధికారులు సరుకు పట్టుకున్నారు. ఆయన చేసిన తప్పూ చిన్నది కాదు: డిస్కుల మీద డెల్, మైక్రోసాఫ్ట్ గుర్తులను అసలువాటిలాగే ముద్రించాడు, నేరం ఒప్పుకున్నాడు కూడా. ఇది పక్కా నకిలీ వ్యాపారమని మైక్రోసాఫ్ట్ వాదించింది. అయితే శిక్ష ఎంత వేయాలన్నది సరుకు విలువను బట్టి ఉంటుంది, గొడవంతా అక్కడే. కీ లేని డిస్కు విలువ సున్నా అని ఆయన తరఫు నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. కోర్టు మాత్రం, పాత యంత్రాలు బాగుచేసేవారికి మైక్రోసాఫ్ట్ అమ్మే లైసెన్సు ధర 25 డాలర్లు కనుక అదే లెక్క కట్టి, మొత్తం 7 లక్షల డాలర్లుగా తేల్చింది. పదిహేను నెలల జైలు, 50 వేల డాలర్ల జరిమానా. 2018 ఏప్రిల్‌లో అట్లాంటాలోని అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. ఫైలుకూ లైసెన్సుకూ ఉన్న తేడా న్యాయస్థానంలోనే చెరిగిపోయింది. ఊచలు లెక్కపెట్టాల్సింది లోగోలు ముద్రించినందుకు అనుకున్నా, ఉచితంగా దొరికే ఫైలుకు 25 డాలర్ల ధర కట్టడం ఏ లెక్కన సబబో అర్థం కాదు.

సరే, ఆ గదిలోంచి ఫైళ్లను బయటికి తీయడం ఎంత కష్టం? చాలామంది భయపడేటంత కాదు. విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఐ386 అనే ఫోల్డరు దొరికితే చాలు. అందులోనే ఇన్‌స్టలేషన్ ఫైళ్లన్నీ ఉండేవి. దానికి బూట్ కావడానికి కావలసిన చిన్న ముక్క తగిలించి సీడీలో రాసుకుంటే అసలు సీడీతో సమానం. విండోస్ విస్టాతో పద్ధతి మారింది. మొత్తం సిస్టమ్‌ను ‘విమ్’ అనే ఒక్క పెద్ద ఫైలులో కుదించి పెట్టడం మొదలైంది. ఒకే ఫైలు పదిచోట్ల ఉన్నా అందులో ఒక్కసారే దాచుతుంది కాబట్టి చోటు కలిసొస్తుంది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, డిస్క్‌పార్ట్ అనే పనిముట్టుతో ఆ పార్టిషన్‌కు తాత్కాలికంగా ఒక అక్షరం తగిలిస్తే గది తెరుచుకుంటుంది. లోపలున్న విమ్ ఫైలునో, ముక్కలుగా కోసిన దాని భాగాలనో ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకుని, అక్షరం మళ్లీ తీసేయాలి. డిస్క్‌పార్ట్‌లో ‘క్లీన్’ అనే మాట మాత్రం పొరపాటున కూడా కొట్టకూడదు. ఎంచుకున్న డిస్కు మీది పార్టిషన్లన్నిటినీ అది మారుమాట అడగకుండా ఎత్తేస్తుంది.

ఇంత లోతుకు దిగక్కర్లేని దారి కూడా కంపెనీలే ఇచ్చాయి, కాకపోతే పిసినారితనంతో. పాత హెచ్‌పీ యంత్రాల్లో రికవరీ డీవీడీలు మీరే రాసుకునే వీలుండేది, అదీ ఒక్క సెట్టు మాత్రమే. రెండోసారి అడిగితే ప్రోగ్రామ్ ఒప్పుకునేది కాదు. కొన్నవాడి మీద నమ్మకం ఏపాటిదో ఆ ఒక్క షరతే చెబుతుంది.

ఆ గదిలో ఉన్నదంతా బంగారమనీ అనుకోనక్కర్లేదు. 2015 ఫిబ్రవరిలో లెనోవో ల్యాప్‌టాప్‌లలో ‘సూపర్‌ఫిష్’ బాగోతం బయటపడింది. ప్రకటనలు చొప్పించడానికి కంపెనీ ముందే వేసిన ఆ ప్రోగ్రామ్, బ్యాంకు సైట్లతో జరిగే గుప్త సంభాషణల మధ్యలోకి కూడా దూరగలిగేది. ఫ్యాక్టరీలో కూర్చిన కాపీలోనే ఇలాంటిది ఉంటే, ఎన్నిసార్లు రికవరీ చేసినా అది మళ్లీ తయారవుతుంది. అలాంటప్పుడు మైక్రోసాఫ్ట్ ఇచ్చే శుభ్రమైన కాపీయే మేలు. అలాగని డ్రైవర్లు వదులుకోకూడదు. పదకొండో తరం ఇంటెల్ ప్రాసెసర్లతో వచ్చిన అనేక ల్యాప్‌టాప్‌లలో మామూలు విండోస్ పెన్‌డ్రైవ్ పెడితే అసలు డిస్కే లేదంటుంది. ఒక స్టోరేజి డ్రైవర్ అందిస్తే తప్ప ముందుకు కదలదు. ఆ డ్రైవర్ కంపెనీ కాపీలో ఉంటుంది.

“ఇప్పుడెందుకీ గోల, మైక్రోసాఫ్ట్ సైటులో ఉచితంగా డౌన్‌లోడ్ దొరుకుతోంది కదా” అనేవారున్నారు. నిజమే, విండోస్ 10, 11లకు దొరుకుతోంది. డెల్, లెనోవో కూడా సీరియల్ నంబరు చెబితే ఆ మోడల్ కాపీని ఇచ్చే ఏర్పాటు పెట్టాయి. కానీ ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ తెరుచుకోనప్పుడు డౌన్‌లోడ్ చేయడానికి రెండో కంప్యూటర్ ఎక్కడిది? హాస్టల్ గదిలో ఫోన్ డేటా మీద బతికే ఇంజినీరింగ్ విద్యార్థికి ఐదారు జీబీ అంటే రోజుల తరబడి రేషను. పైగా ఈ ఏర్పాట్లు ఉన్నాయని అమ్మేచోట చెప్పే నాథుడు లేడు. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంతకు ముందటి వాటి గతి చూసినవారెవరూ డౌన్‌లోడ్ పేజీలు కలకాలం ఉంటాయని భరోసా ఇవ్వలేరు. లైసెన్సుకు మాత్రం గడువు లేదు.

ఇంకో సంగతి చాలామంది గమనించలేదు. దాపుడు గది ఇప్పటికీ ఉంది గానీ, అందులో సరుకు తగ్గిపోయింది. విండోస్ 10 నుంచి రీసెట్ కొడితే ఉన్న ఫైళ్లతోనే సిస్టమ్ తనను తాను మళ్లీ కట్టుకుంటుంది. 2020 నుంచి ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునే వీలూ వచ్చింది. దాంతో చాలా కొత్త యంత్రాల్లో రికవరీ పార్టిషన్ అంటే ఒక జీబీకి అటూ ఇటూగా ఉండే సహాయక సిస్టమ్ మాత్రమే. ఇన్‌స్టలేషన్ ఫైళ్లు అందులో లేవు. ‘రికవరీ ఉందిలే’ అన్న ధీమాతో ఉన్నవారు దీన్ని తెలుసుకోవాలి.

ఆ సహాయక సిస్టమైనా ఆపదలో ఆదుకుంటుందా అంటే, ఈ మధ్య చరిత్ర అంత నమ్మకంగా లేదు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ పంపిన కేబీ 5034441 అనే భద్రతా అప్‌డేట్ ఎన్నో యంత్రాల్లో ఎక్కనే లేదు. కారణం, రికవరీ పార్టిషన్‌లో చోటు చాలకపోవడం. మరో 250 ఎంబీ ఖాళీ కావాలట; ఆ గదిని మీరే కమాండ్లు కొట్టి పెంచుకోండని కంపెనీ సూచనల పత్రం విడుదల చేసింది. ఇన్నాళ్లూ చూడొద్దని దాచిన గది గోడలను ఇప్పుడు బ్యాంకు గుమస్తా, బడిపంతులు కలిసి పగలగొట్టి కట్టాలన్నమాట. 2025 అక్టోబరులో ఇంకా విడ్డూరం. విండోస్ 11 నెలవారీ అప్‌డేట్ తర్వాత రికవరీ తెర మీద యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయడం మానేశాయి. మెనూ కనిపిస్తుంది, ఎంచుకునే దారి లేదు. వారం తిరగకుండానే మరమ్మతు అప్‌డేట్ వచ్చిందనుకోండి.

దాడి చేసేవారికైతే ఈ గది గురించి మనకంటే బాగా తెలుసు. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపిన వానాక్రై అనే దొంగ ప్రోగ్రామ్, ఫైళ్లకు తాళం వేయడంతోపాటు విండోస్ దాచుకునే నీడ కాపీలను చెరిపి, ఆటోమేటిక్ రికవరీని ఆపేసేది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కంప్యూటర్లు కూడా అప్పట్లో దాని బారిన పడ్డాయి. దాడేమీ లేకుండానే, 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ అప్‌డేట్ ఒకటి వికటించి 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో నిలిచిపోయినప్పుడు, హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. ఆ యంత్రాలను లేపడానికి మైక్రోసాఫ్ట్ ఆఖరికి విడుదల చేసిందేమిటి? పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసే పనిముట్టు. డిస్కు తాళం వేసి ఉన్నచోట 48 అంకెల బిట్‌లాకర్ కీ కూడా వెతుక్కోవాల్సి వచ్చింది. కొత్త విండోస్ 11 యంత్రాల్లో ఆ తాళం చాలావరకు అడగకుండానే పడుతోంది. కాబట్టి ఆ కీ ఎక్కడుందో, ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాలో చేరిందో ముందే చూసుకోవడం ఫైళ్లు దాచుకోవడమంత అవసరం.

బాధ్యతంతా కొన్నవాడి నెత్తిన రుద్దడం న్యాయం కాదు. ల్యాప్‌టాప్ ఖరీదులో విండోస్ ధర కలిసే ఉంటుంది, బిల్లులో విడిగా కనపడదు. బ్యాగు, మౌస్ ఉచితమని ఊరించే షోరూమ్‌వాళ్లు, ఆ మౌస్ బదులు ఆ మోడల్ కాపీ ఎక్కించిన 32 జీబీ పెన్‌డ్రైవ్ ఇవ్వలేరా? యంత్రం మొదటిసారి తెరిచినప్పుడు క్లౌడ్ నిల్వ కొనమని, యాంటీవైరస్ పొడిగించమని ఎన్నో తెరలు అడ్డుపడతాయి. రికవరీ డ్రైవ్ చేసుకోమని ఒక్క తెర అడగదు. ఆ సౌకర్యం స్టార్ట్ మెనూలో ‘క్రియేట్ ఎ రికవరీ డ్రైవ్’ అని టైపు చేస్తే గానీ కనబడదు. సిస్టమ్ ఫైళ్లు కూడా బ్యాకప్ చేయమనే గడిలో టిక్కు పెట్టకపోతే అందులోకీ ఇన్‌స్టలేషన్ ఫైళ్లు రావు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. వస్తువును ఎంత తేలికగా బాగుచేసుకోవచ్చో మార్కులు వేసే సూచీ కోసం వేసిన కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. విడిభాగాలు దొరకడం, మరమ్మతు సమాచారం ఇవ్వడం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వంటివి అందులో కొలమానాలు. మొదటి వరుసలో ఫోన్లు, టాబ్లెట్లు ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లను కూడా చేర్చి, ఆ మోడల్ ఇన్‌స్టలేషన్ ఫైళ్లు యంత్రం బయట, అమ్మిన రోజు నుంచి కనీసం పదేళ్లు ఉచితంగా దొరుకుతాయా లేదా అన్నదాన్ని ఒక కొలమానంగా పెట్టాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. కంపెనీల సర్వర్లలో ఆ ఫైళ్లు ఎలాగూ ఉన్నాయి.

రిపేరు షాపుల వంతు కూడా ఉంది. ఫార్మాట్ కొట్టేముందు డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, పది జీబీ దాటిన రికవరీ పార్టిషన్ ఉంటే కాపీ తీసి కస్టమరుకివ్వడం, చిప్పులో హోమ్ కీ ఉంటే హోమే ఎక్కించడం పెద్ద పనులేం కావు. పెన్‌డ్రైవ్ ధర, కాస్త కూలీ కలిపి తీసుకుంటే ఎవరూ కాదనరు. కస్టమరు వైపు నుంచి అడగాల్సింది ఒక్క మాటే: “డేటాతోపాటు రికవరీ కూడా తీసివ్వండి, ప్రో వద్దు, దీంతో వచ్చిన విండోసే వేయండి.”